రుద్రాక్షలు వేసింది మనమే

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ అందరికీ తెలుసు. ఎలుకల బాధ పోవడానికి రాయలవారు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాల కోసం ఒక ఆవుని ఇచ్చారు. రామకృష్ణుడు మరిగే పాలు పెట్టి పిల్లి మూతి కాల్చాడు. ఇక పాలు చూస్తే చాలు, అది పారిపోయేది. చిన్నప్పట్నించీ నవ్వుతూనే ఉన్నాం. పాలు మానేసిన ఆ పిల్లి ఏం తిని బతికిందని మాత్రం ఒక్కరం అడగలేదు.

నేను అడగడానికి కారణం ఉంది. మార్కాపురంలో మా ఇంట్లో నాలుగు పిల్లులు. వీధికుక్కల భయానికి వాటిని గడప దాటనివ్వం. గడప లోపల మాంసం వండం. పొద్దున పాలు, రెండు పూటలా పెరుగన్నం. "మన గడప తొక్కిన జీవం మన తిండే తినాలిరా" అంటుంది అమ్మ. బయట తిరిగే పిల్లయితే ఎలుకనో తొండనో పట్టి ఆ లోటు తనే పూడ్చుకుంటుంది. తలుపేసి పెంచే పిల్లికి ఆ దారి లేదు. తలుపు వేసింది మనం కాబట్టి లెక్క చెప్పాల్సిందీ మనమే.

మా తెల్లపిల్లి ఒకరోజు మంచం కోడుకి గుద్దుకుంది. తర్వాత రోజూ గుద్దుకునేది. పెరుగన్నం వల్లేనని నేను అనలేను, డాక్టరుకి చూపించనేలేదు. వయసు మీద పడిందిలే అనుకున్నాం. దానికి ఐదేళ్ళు.

1975లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. పాలలోని ప్రొటీన్ కేసిన్ ఆధారంగా తయారుచేసిన తిండి పెట్టిన పిల్లులకి టారిన్ అందక రెటీనా దెబ్బతింది. టారిన్ మాంసంలో, చేపల్లో దొరుకుతుంది. మన ఒంట్లో తయారవుతుంది, పిల్లి ఒంట్లో సరిపడా తయారవదు. 1987లో అదే పత్రికలో ఇంకో పరిశోధన: టారిన్ తక్కువైతే పిల్లి గుండె కండరం కూడా బలహీనపడుతుందని, టారిన్ ఇస్తే కోలుకుంటుందని. ఆ పిల్లుల్లో కంపెనీ తిండి తిన్నవీ ఉన్నాయి. కంపెనీలు టారిన్ పెంచింది ఆ తర్వాతే. మొదటి దెబ్బ పెరుగన్నం వాళ్ళకి, రెండోది బొమ్మ చూసి ప్యాకెట్ కొనేవాళ్ళకి.

ఇక హైదరాబాద్‌లో నా స్నేహితులు. పిల్లికి ఖరీదైన టిన్నులు కొని, ఫొటో పెట్టి, "స్తోమత లేకపోతే పెంచకూడదు" అంటారు. లెక్క చూద్దాం. ఇంట్లోనే ఉండే నాలుగు కిలోల పిల్లికి రోజుకి 200–250 కేలరీలు చాలు. డ్రై ఫుడ్ 100 గ్రాముల్లో సుమారు 350–400 ఉంటాయి. అంటే రోజుకి 60 గ్రాములు. నాలుగింటికి నెలకి ఏడు కిలోల పైచిలుకు. ప్యాకెట్ వెనక 'కంప్లీట్' అని ఉందో లేదో చూసి, పెద్ద సంచీ కొంటే చాలు. నా నెల కాఫీ ఖర్చుతో పోల్చి చూసుకున్నాను. సిగ్గేసింది.

డ్రై ఫుడ్‌లో తడి పదో వంతే, కాబట్టి నీళ్ళు కలిపి పెట్టాలి. మగపిల్లికి మూత్రం ఆగిపోతే ప్రాణం మీదికొస్తుంది. వెలిగొండ నీళ్ళ కోసం ఏళ్ళు లెక్కపెట్టిన ఊరికి నీటి విలువ ఒకరు చెప్పాలా? వారానికి రెండుసార్లు కోడి గుండెకాయలో కంభం చెరువు చేపో కొంచెం ఉడికించి, ఆ నీళ్ళతో సహా పెట్టొచ్చు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి వద్దు. ఉడికిన ఎముకలు అసలే వద్దు. అదే పూర్తి భోజనం అనుకోవద్దు, కాల్షియం చాలదు. అన్నిటికంటే ముందు ఆపరేషన్ చేయించాలి. నాలుగు పిల్లులు పది అయ్యాక ఏ బడ్జెట్టూ నిలవదు.

ప్యాకెట్‌కి అమ్మ ఒప్పుకుంది. అందులో ఉన్నదీ మాంసమే, కాకపోతే మాంసంలా కనపడదు. ఉడికించడం మాత్రం పెరట్లో, వేరే గిన్నెలో, నేనే.

దొంగభక్తుణ్ణి రుద్రాక్ష పిల్లి అంటాం. పిల్లి ఏనాడూ భక్తి నటించలేదు. దాని మెడలో రుద్రాక్షలు వేసి, ముందు పెరుగన్నం పెట్టి, అది మనలా బతకాలని పట్టుబట్టింది మనం. తెల్లపిల్లి ఇప్పటికీ గిన్నె చప్పుడుకి వస్తుంది. మంచం కోడు దగ్గర ఆగి, మీసాలతో తడుముకుని, పక్కకి తిరిగి వస్తుంది.