సోడా లేని సబ్బట!

ఆ మధ్య ఆదోనిలో ఒక పేరంటంలో తాంబూలంతో పాటు ఒక సబ్బు కూడా చేతిలో పెట్టారు. "ఇంట్లో చేసిందండీ, అచ్చంగా ప్రకృతిసిద్ధం. ఒక్క రసాయనమూ లేదు" అన్నారు. ఇంట్లో చేసినందుకు సంతోషమే. ఆ చివరిమాట మీదే నా తగాదా.

వట్టి నూనెను ఎంతసేపు గిలక్కొట్టినా సబ్బు కాదండీ. కాస్టిక్ సోడా కలవాల్సిందే. నూరు గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18 గ్రాములు, వేరుశనగ నూనెకైతే 14 గ్రాముల లోపు. తెలిసినవాళ్ళు ఆ లెక్కకు కాస్త తక్కువే వేస్తారు. అప్పుడు సోడా అంతా నూనెతో కలిసి సబ్బూ గ్లిజరినూ అయిపోతుంది, సోడాగా ఏమీ మిగలదు. పెద్ద ఫ్యాక్టరీలు ఆ గ్లిజరిన్‌ని చాలావరకు విడదీసి వేరే అమ్ముకుంటాయి. ఇంటి సబ్బులో అది అలాగే ఉండిపోతుంది. గొప్ప చెప్పుకోవాలంటే ఇది చెప్పుకోండి, కాదన్నదెవరు?

"లేదు" అన్న అబద్ధం కొనేవాళ్ళకంటే చేసేవాళ్ళకే ఎక్కువ చేటు. లేనిదానికి జాగ్రత్తేమిటి? ఎమ్మిగనూరులో ఒకమ్మాయి అల్యూమినియం గిన్నెలో సోడా కలపబోతుంటే చూసి నా గుండె ఝల్లుమంది. పక్కనే చంటిపిల్ల పాకుతోంది! అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది. నిప్పు తగిలితే భగ్గుమనే హైడ్రోజన్ పుడుతుంది. స్టీలు గిన్నె కావాలి. నీళ్ళల్లో సోడా కొద్దికొద్దిగా వెయ్యాలి గాని, సోడా మీద నీళ్ళు గుమ్మరిస్తే మొహం మీదికి చిమ్ముతుంది. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు ఉండాలి. "పసుపూ వేపాకే కదత్తా!" అంది ఆ పిల్ల. ఆమెకు ఆ మాట నేర్పినవాళ్ళ మీదే నా కోపం.

సోడా పేరే గిట్టనివాళ్ళకు సున్నిపిండి ఉంది, కుంకుడుకాయ ఉంది. చవిటినీళ్ళల్లో సబ్బు విరిగి తెట్టు కట్టినా కుంకుడు నురగ నిలుస్తుంది. (కళ్ళు మండుతాయి, నిజమే. ప్రకృతిసిద్ధమైతే మండదని ఎవరన్నారు?)

1938లో మాచాని సోమప్పగారు నేత సహకార సంఘం పెట్టిన ఊరు ఎమ్మిగనూరు. చేత్తో నేసిందంటే అక్కడ అదే గౌరవం. రంగు అద్దకుండానే రంగొచ్చిందని చెప్పి ఏ నేతగాడు బట్ట అమ్ముకున్నాడు? సబ్బు చేసే ఆడవాళ్ళకు మాత్రం ఎందుకీ బొంకు? చీటీ మీద నూనెల పేర్లు, వాటి పక్కనే సోడా పేరు, చేసిన తేదీ రాయండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆరబెట్టి మరీ అమ్మండి. నాలుగు రూపాయలెక్కువైనా కొంటాను. బేరం కూడా ఆడను.