తలకు దెబ్బ తగిలితే తొందరపడి రాజీ పడరాదు

రోడ్డు ప్రమాదంలో కాలు విరిగినవాని నష్టం ఊరందరికీ కనబడుతుంది. తలకు దెబ్బ తగిలినవాని నష్టం అలా కనబడదు. కుట్లు మానుతాయి, మనిషి లేచి తిరుగుతాడు. నెలలు గడిచేసరికి మతిమరుపు, పట్టలేని కోపం, తలతిరుగుడు, కొందరికి మూర్ఛలు బయటపడతాయి. నిన్నటిదాకా ట్రాక్టరు తోలినవాడు ఒంటరిగా పొలానికి పోలేని స్థితికి వస్తాడు. కాగా, అప్పటికే పెద్దమనుషుల సమక్షంలో ఆసుపత్రి ఖర్చుల నిమిత్తం కొద్ది సొమ్ము పుచ్చుకుని, ‘ఇక ఏ తగాదా లేద’ని కాగితంపై వేలిముద్ర వేసి వుంటారు. పల్లెలలో యిటువంటి రాజీలు జరుగుతుండడం విచారకరం.

బండికి బీమా వున్నప్పుడు పరిహారం చెల్లించవలసింది సాధారణంగా బీమా కంపెనీయే. కనుక యజమానిపై మొగమాటంతో దావా మానుకోనవసరం లేదు.

సరిగా పోరాడితే ఫలితం ఎలా వుంటుందో హర్యానా కేసు ఒకటి తెలుపుతున్నది. 2007లో తల్లిదండ్రులతో ట్రాక్టరుపై పోతున్న 12 ఏళ్ళ బాలిక లారీ ఢీకొని తలకు తీవ్రమైన గాయమై పూర్తిగా పరాధీన అయింది. ట్రిబ్యునల్ సుమారు 11 లక్షల రూపాయలు యిచ్చింది. హైకోర్టు దానిని 25 లక్షలు దాటించింది. 2020లో సుప్రీంకోర్టు 62 లక్షల పైచిలుకు యిప్పించింది. అందులో 21 లక్షల 60 వేలు కేవలం ఆమెను కనిపెట్టి వుండే మనుషుల జీతాల కోసమే. ఇంట్లో తల్లి చేసే సేవకూ ఖరీదు వుంటుందని రైతు కుటుంబాలు గ్రహించాలి.

వైకల్యం నూటికి యింత అని డాక్టరు రాసినదే సంపాదన నష్టం కాదని, ఆ మనిషి చేసే పనికి అది ఎంత అడ్డమో చూడాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దీనికి కావలసింది రుజువు. ప్రమాదం జరిగిన వెంటనే పోలీసు రిపోర్టు, గాయాల సర్టిఫికెట్, స్కానింగు ఫిల్ములు, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, మందుల బిల్లులు భద్రపరచాలి. మతిమరుపు, మూర్ఛలు వంటి బాధలన్నీ డాక్టరుకు చెప్పి చీటీలో రాయించుకోవాలి. తరువాత మెడికల్ బోర్డు ద్వారా వైకల్య సర్టిఫికెట్ పొందాలి.

బాధితుడు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే దావా వేయవచ్చు. స్వయంగా వ్యవహరించలేని స్థితిలో వుంటే అతని పక్షాన కుటుంబీకులు వేయవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలైన సవరణ ప్రకారం గడువు ఆరు మాసాలు. గడువు దాటిందన్న కారణంపై దావాలు కొట్టివేయరాదని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు యిచ్చినా, దానిని నమ్ముకుని ఆలస్యం చేయడం క్షేమం కాదు. ఢీకొన్న బండి ఏదో తెలియకపోయినా నిరాశ పడనక్కరలేదు. అటువంటి ప్రమాదాలలో తీవ్రంగా గాయపడినవారికి 50 వేలు, మరణిస్తే కుటుంబానికి 2 లక్షలు యిచ్చే ఏర్పాటు చట్టంలో వున్నది.

వకీలు ఫీజుకు జంకనవసరం లేదు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవా సంస్థ ఉచితంగా వకీలును ఏర్పాటు చేస్తుంది. 15100 నెంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

ప్రమాదం జరిగిన 48 గంటలలో పోలీసులు ట్రిబ్యునల్‌కు తొలి నివేదిక పంపాలని నిబంధన వున్నది. అది సక్రమంగా అమలయ్యేలా అధికారులు చూడవలసి వుంది. గ్రామ పెద్దలు కూడా రాజీ కాగితం రాయించే ముందు, గాయపడినవానిని పెద్దాసుపత్రిలో చూపించారా, పోలీసు రిపోర్టు యిచ్చారా అని ముందుగా అడగడం ధర్మం. తలకు తగిలిన దెబ్బ విలువ వారం రోజులలో రచ్చబండపై తేలేది కాదు.