సెల్లుకు పనిచెప్పి చూడండి!

యారాడ తీరం. మూడువైపులా కొండలు, నాలుగోవైపు సముద్రం. ఆదివారమైతే సగం విశాఖ అక్కడే ఉన్నట్టుంటుంది. తడిచేతి నుంచి ఉంగరం జారిపోవడానికి ఎంతసేపు? పోటు రాకముందే వెతకాలి. అదృష్టం కొద్దీ తెలిసినవాళ్ల దగ్గర మెటల్ డిటెక్టర్ దొరికింది. పది నిమిషాలు కుయ్‌కుయ్‌మంది... ఆపై మూగబోయింది. అలలు మాత్రం ఆగవుగా!

బయల్దేరేముందు మల్టీమీటర్ పెట్టి చూశామంటారు చాలామంది. ఊరికే కూర్చున్న సెల్లు నీరసంగా ఉన్నా నిండుగానే కనిపిస్తుంది. పనిచెబితేనే దాని బండారం బయటపడేది! డిటెక్టర్‌ని ఓ ఐదు నిమిషాలు నడిపించి, అప్పుడు బ్యాటరీ గుర్తు చూడాలి. రీఛార్జబుల్ పెన్సిల్ సెల్లులు వేస్తే ఒక గీత తక్కువ కనిపించొచ్చు. కంగారొద్దు. మామూలు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులైతే, ఇది 1.2 వోల్టులే. కాకపోతే చివరిదాకా నిలకడగా ఉండి ఒక్కసారిగా చతికిలపడుతుంది. అందుకే మరో జత జేబులో ఉండాల్సిందే.

సెల్లు తగ్గేకొద్దీ లోతు తగ్గిపోతుందన్నది అన్నిటికీ వర్తించదు. ఇప్పటి డిటెక్టర్లు చాలావరకు లోపల వోల్టేజిని ఒకేలా నిలుపుకుంటాయి. శక్తి మరీ పడిపోయాకే పిచ్చికూతలు మొదలవుతాయి. అయితే ప్రతి పిచ్చికూతా సెల్లు తప్పు కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లోని తూటా కోసం గ్రాహంబెల్ తన పరికరంతో వెతికితే, మంచం స్ప్రింగులు తికమకపెట్టాయంటారు. యారాడలో ఆ పని ఉప్పునీటి ఇసుక చేస్తుంది. సెన్సిటివిటీ కాస్త తగ్గిస్తే సర్దుకుంటుంది.

స్పీకర్ బదులు హెడ్‌ఫోన్ వాడితే సెల్లు ఎక్కువసేపు వస్తుంది, అలల హోరులో సన్నని కూతా వినిపిస్తుంది. పాత సెల్లు పక్కన కొత్తది వేయకండి, పాతది కారిపోతుంది. ట్రాన్సిస్టర్ రోజుల్లో సెల్లులు ఎండలో పెట్టి ఇంకో వార్తల బులెటిన్ లాగించిన ఇళ్లెన్నో! వేడికి అవి కాసేపు చురుకవుతాయంతే, కొత్త బలమేమీ రాదు. ఎండలో నిలిపిన కారులో అసలు వదలకండి.

ఇంటికొచ్చాక సెల్లులు తీసేసి, కొనల్ని పొడిగుడ్డతో తుడవాలి. ఉప్పుగాలికి అవి పచ్చబారతాయి. ఇక ఉంగరం నీళ్లవైపు కొట్టుకుపోయిందనిపిస్తే... వదిలేయండి. యారాడ కెరటాల లాగుడుకి ఈతగాళ్లే నిలవలేరు.