కలుపు తీసే చేతికి చదువు లేదా?

మా ఇంటి ముందు చిన్న లాన్ ఉంది. నాలుగు వానలు పడేసరికి అందులో మేం వెయ్యని గడ్డి ఏవేవో మొలిచేశాయి. కలుపుమందు కొందామని దుకాణానికెళితే, "ఏం గడ్డి మొలిచిందమ్మా? దాన్నిబట్టే మందు" అన్నాడు. గడ్డికి పేరేమిటి! బీయస్సీ బోటనీ చదివిన నేను జవాబు చెప్పలేక తిరిగొచ్చేశాను.

మర్నాడు ఈ సంగతి చెబితే మా ఇంట్లో పనిచేసే ఆవిడ నవ్వి, చీపురు పక్కన పెట్టి లాన్‌లో కూర్చుంది. ఒక మొక్క పీకి, "కాడని వేళ్ల మధ్య తిప్పి చూడండమ్మగారూ" అంది. మూడు పలకలుగా ఉంది. కణుపుల్లేవు. "ఇది తుంగ. పీకితే పోదు. అడుగున గడ్డలుంటాయి, తవ్వాల." వాసన చూస్తే, సున్నిపిండిలో కలిపే తుంగముస్తల వాసన! తుంగ అసలు గడ్డి కుటుంబానిదే కాదని ఒకప్పుడు పరీక్షలో రాశానని అప్పుడు గుర్తొచ్చింది.

నేలనంటుకుని కణుపు కణుపుకీ వేళ్లూనుతున్నది గరిక. వినాయకచవితికి బజార్లో కట్ట కొనుక్కొచ్చే నేను గుమ్మం ముందున్నదాన్ని పోల్చుకోలేదు. కాడ అడుగున చదునుగా, తెల్లగా ఉండి, కోడికాలి వేళ్లలా కంకి వేసినదాన్ని "ఇది చోళ్ల జాతి" అంది. తర్వాత పుస్తకం తీసి చూశాను. నిజమే, రాగికి దగ్గరి చుట్టం.

"ఇవన్నీ ఎవరు నేర్పారు?" అన్నాను.

"ఎవరు నేర్పుతారమ్మా! చిన్నప్పట్నుంచీ కలుపు కూలికెళ్లాను కదా. వరిలో ఊద మొలుస్తాది. లేతగా ఉన్నప్పుడు రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఊదనుకుని వరి పీకితే రైతు ఊరుకుంటాడా?"

ఆకు కాడను కలిసేచోట వరికి సన్నని పొర నాలుకలా ఉంటుంది, ఊదకు ఉండదు. పుస్తకం చెప్పే తేడా ఇది. బురదలో రోజంతా నడుం వంచి, ఆ తేడాని కంటితో పట్టేసే ఆడవాళ్ల పనికి మనం పెట్టిన పేరు 'నైపుణ్యం లేని కూలి'! కలుపుమందులు వచ్చాక పొలాల్లో ఆ కూలీ తగ్గిపోతోంది. దాంతోపాటు ఆ ఎరుకా పోతుంది. రోజంతా చాకిరీ చేసి 'ఖాళీగానే ఉంటుంది' అనిపించుకునే మనకైనా ఆ బాధ తెలియాలి కదా?

నేను మందు కొనలేదు. ఇద్దరం కూర్చుని తుంగ తవ్వాం. మళ్లీ మొలుస్తుంది, మళ్లీ తవ్వుతాం. తవ్వినందుకు ఆమెకు విడిగా కూలి ఇచ్చాను. చెప్పిన పాఠానికి మాత్రం ఏమీ ఇవ్వలేదని రాత్రి పడుకున్నాక తట్టింది.

మీ పెరట్లో మొలిచిన గడ్డి పేరేమిటో మీ ఇంటికొచ్చే ఆమెను ఓసారి అడగండి. పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.