ఓడిన సైనికుని బాట

యుద్ధమును బొమ్మల కథలుగా మలచువారిలో పెక్కురు విజేతల పక్షమున నిలిచి, ఫిరంగుల మెఱుపులను పతాకల రెపరెపలను చూపుటతో తృప్తి చెందుచుండగా, శత్రువునకు చిక్కి, ఆయుధము పోగొట్టుకొని, ఏండ్ల తరబడి ముండ్లకంచె వెనుక ఆకలితో కాలము వెళ్ళబుచ్చిన సిపాయి వారి కుంచెకు అందక మిగిలిపోవుచున్నాడు. ఫ్రెంచి చిత్రకారుడు జాక్ టార్డీ తన తండ్రి రెనే బందీజీవితమును, దాని అనంతరకథను మూడు సంపుటములుగా చిత్రించి 2012, 2014, 2018 సంవత్సరములలో ప్రకటించెను. యుద్ధకథ యెట్లుండవలెనో తెలియగోరువారికి నేను మొదట చూపునది ఈ గ్రంథమునే.

రెనే ట్యాంకు దళమువాడు. 1940లో ఫ్రాన్సు ఓడినపుడు జర్మనులకు పట్టుబడిన సుమారు 18 లక్షలమందిలో ఒకడై, పొమెరేనియాలోని స్టాలాగ్ 2బి శిబిరమున నాలుగేండ్లకు మించి మ్రగ్గెను. 1945 జనవరి చివరిదినములలో సోవియట్ సేనలు తూర్పునుండి ముంచుకొని వచ్చుచుండగా, కావలివారు ఆ బందీలను శిబిరము వెడలించి, గడ్డకట్టు చలిలో పడమటి దిక్కునకు నడిపించిరి. ఆ సుదీర్ఘమైన నడకయే రెండవ సంపుటమునకు ప్రాణము. సొరంగము త్రవ్వి తప్పించుకొన్న సాహసికుల గాథలకు అలవడిన కన్నులకు ఇది మొదట నీరసముగా తోపవచ్చును. కాని తిండికొఱకైన వెదకులాట, రాత్రికి తలదాచుకొను చోటు, మఱునాడు మరల అదే బాట, ఇవియే పుటకు మూడేసి వెడల్పైన చిత్రములలో మరల మరల ఎదురగుచు చదువరి కాళ్ళను సైతము బరువెక్కించును. బందీకి యుద్ధమనగా ఇదియే గదా!

1946లో జన్మించిన జాక్, తాను పుట్టకముందటి ఆ బాటలో పొట్టిలాగు తొడిగిన బాలుడై, తండ్రి ప్రక్కనే నడచుచు, అడుగడుగునను ప్రశ్నించుచున్నట్లు తన్ను తాను చిత్రించుకొనెను. రెనే కుమారుని కోరికపై 1980 దశకమున తన అనుభవములను నోటుపుస్తకములలో వ్రాసియిచ్చి, ఆ దశకమునందే మరణించెను. ఆయన జీవించియుండగా అడుగక మిగిలిపోయిన ప్రశ్నలు ఆ బాలుని నోట పలుకుచున్నవి. తండ్రి కోపమును, పరుషవాక్యమును, ఓటమి మిగిల్చిన చేదును కుమారుడు మెఱుగుపెట్టి దాచలేదు. కన్నతండ్రిని వీరునిగా పూజింపక మనుష్యునిగా గౌరవించుట మిక్కిలి కష్టము. ఈ కళాకారుడు దానిని సాధించెను.

ఇట్టి సిపాయిలు మనకును గలరు. మన పశ్చిమగోదావరి సీమయందలి మాధవరము నుండి రెండు ప్రపంచయుద్ధములకును యువకులు తరలిపోయిరి. ఆ యూరిని జనులు నేటికిని మిలిటరీ మాధవరమనియే పిలుతురు. వారు నడచిన బాటలను గీయుటకు మనవారు పూనుకొనవలదా? ఇంట సైన్యమున పనిచేసిన పెద్దలు గలవారలారా, ఆ పెద్దలు విసుగుకొన్నను మాట దాటవేసినను, ప్రక్కన కూర్చుండి అడిగి వ్రాసికొనుడు. కుంచె పట్టగల యువకులారా, ఆ వ్రాతలను అడిగి తీసికొని పని ప్రారంభింపుడు.