కాలువగట్ల గరుసుబాటలు

కృష్ణాడెల్టాలో ఒక గ్రామమునుండి మఱియొక గ్రామమునకు పోవ నెంచిన సైకిలువానికి రెండు దారులు గలవు. ఒకటి తారురోడ్డు. రెండవది కాలువగట్టు. తారురోడ్డుపై లారీలును బస్సులును మోటారుకార్లును తమ వేగమే ధర్మమని పరుగిడుచుండును. సైకిలువాడు అంచున నున్న ఇసుకలోనికి దిగి ప్రాణములు దక్కించుకొనవలెను. కాలువగట్టుపై నీటిచప్పుడును కొంగల రెక్కలచప్పుడును తప్ప వేఱొండు వినబడదు. మన ప్రభుత్వములు మొదటి దారికై కోట్ల రూపాయలు వ్యయము చేయుచున్నవి. రెండవ దారి గతి యేమని యడుగువారే లేరు. ఆ రెండవ దారినిగూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

ఇది ఉబుసుపోక చెప్పు మాట గాదు. 2022వ సంవత్సరములో మన దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది యని కేంద్ర రవాణాశాఖవారే లెక్క తేల్చిరి. ఒక మహానగరపు పేట ఒక్కయేట నిర్మానుష్యమైనట్లు భావింపుడు. అందు కాలినడకను, సైకిలుమీదను పోవు బీదలు స్వల్పసంఖ్యాకులు గారు. ఇట్టి దేశమున మోటారు చొరని బాటను కోరుట విలాసమని యెవరైన ననినచో, వారు తెల్లవారుజామున పాలక్యానులతో రోడ్డెక్కు మనిషి నొకమాఱు చూచివచ్చిన పిమ్మట మాతో వాదింతురుగాక.

పాశ్చాత్యదేశములయందు ఇటీవల నొక క్రొత్త యలవాటు ప్రబలినది. తారురోడ్లను విడిచి, గరుసు పఱచిన పల్లెబాటలను వెదకికొని, జనసమ్మర్దము లేని మైదానములగుండ సైకిలు తొక్కుట వారి కొక వ్రతమైనది. పందెపు సైకిళ్ల సన్నని చక్రములు గరుసున నిలువవు గనుక, సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పుగల చక్రములను అమర్చి, గాలి కొంత తగ్గించి నడుపుదురు. చక్రము నేలను పట్టుకొనును. రాళ్ల కుదుపు చేతులకు తగ్గును. దీనికి వారు పెట్టిన పేరు క్రొత్తది గాని పని మనకు క్రొత్త గాదు. మన పల్లెటూరి బడిపంతులు, తపాలాబంట్రోతు, నేతగుడ్డల మూట కట్టుకొన్న వర్తకుడు మూడుతరములుగ చేసిన ప్రయాణ మిదియే. వారు దానిని క్రీడ యనలేదు, బ్రతుకుతెరు వనిరి.

ఈ గట్టుబాటలు మన కెట్లు వచ్చినవి? గోదావరిపై ధవళేశ్వరమునొద్ద 1847 మొదలు 1852 వఱకును, కృష్ణపై బెజవాడయొద్ద 1852 మొదలు 1855 వఱకును ఆనకట్టలు కట్టబడినవి. కాటను దొర తలంపున కాలువ యనగా సేద్యపునీరు మాత్రమే కాదు, సరకుల దారికూడను. అందుచేతనే లాకులు కట్టిరి, పడవలు నడచినవి. గాలి వాలు లేనపుడు పడవవాండ్రు గట్టెక్కి, భుజమున త్రాడు వేసికొని పడవను లాగెడివారు. వారి పాదములు త్రొక్కి త్రొక్కి ఏర్పఱచినదే యీ బాట. పిదప రైలు వచ్చినది, లారీ వచ్చినది, పడవ పోయినది. బాట మాత్రము లస్కర్లకును, పశువుల కాపరులకును మిగిలినది.

అట్టిబాట నొకదానిని పాఠకులు మాతోకూడ మనస్సున అనుసరింతురుగాక. సీతానగరముకడ ప్రకాశం బారేజినుండి పశ్చిమ ప్రధానకాలువ బయలుదేరును. ఆ చేరువనే ఉండవల్లి. ఒక్క కొండను తొలిచి నాలుగంతస్తులుగ మలచిన గుహాలయము. లోపల అనంతశయనుడైన విష్ణుమూర్తి. అచ్చటినుండి కాలువ దిగువకు సాగినచో దుగ్గిరాల లాకులు. ఆ యూరు పసుపువిపణికి దేశమంతట పేరుమోసినది. మఱికొంతదూరము పోగా తెనాలి. అచ్చటి రణరంగచౌకు, 1942 ఆగష్టు 12వ తేదీన క్విట్ ఇండియా పోరాటమున పోలీసు కాల్పులకు నేలకొరిగిన యేడుగురి స్మారకభూమి. ఇంకను తూర్పుదక్షిణముగ పోగా భట్టిప్రోలు. ఇంత చరిత్రయు గట్టిగ తొక్కువానికి ఒక్క దినపు దారిలో నున్నది. త్రోవపొడవునను ఎత్తుపల్లములు లేవు. శీతకాలపు ఉదయమున కోతలైన మాగాణులలో మినుము మొలకెత్తుచుండును. అరటితోటలమీద మంచు విడిపోవుచుండును. ఇట్టి మైదానము సైకిలునకు భగవంతుడు పఱచిన తివాసి గాదా?

భట్టిప్రోలు పేరు తలచినంతనే ఒక సిగ్గుమాలిన కథ జ్ఞప్తికి వచ్చుచున్నది. అచ్చటి బౌద్ధస్తూపము రెండువేల యేండ్లకు పైబడినది. 19వ శతాబ్దమున మరామత్తుశాఖవారికి రోడ్డునకు ఇటుకలు కావలసివచ్చినవి. కాలువ తూమునకు రాళ్లు కావలసివచ్చినవి. స్తూపపు గుమ్మటమును పడగొట్టి ఇటుకలను రోడ్డులో వేసిరి. పాలరాతి ఫలకములను తూమున పెట్టిరి. మిగిలిన దిబ్బను 1892లో అలెగ్జాండరు రే త్రవ్వగా, లోపల రాతిబరిణెలును, వానిలో స్ఫటికపు భరిణెయును, ధాతువులును, బ్రాహ్మీలిపిలో చెక్కిన శాసనములును బయల్పడినవి. కుబేరకుడను రాజు పేరు అందే వినబడినది. తెలుగులిపి పుట్టుకను వెదకు పండితులు మొట్టమొదట తలచు శాసనములలో నవి చేరినవి. ఇంకొక రోడ్డు అవసరమైయుండినచో ఆ బరిణెలుకూడ కంకరలో కలిసిపోయెడివేమో!

ఆనాడు దారి చరిత్రను మ్రింగినది. నేడు ఆ దారియే చరిత్రయొద్దకు మనలను కొనిపోవలెనని మేము కోరుచున్నాము. గంటకు నూఱు కిలోమీటర్ల వేగమున పోవు మోటారులోని వానికి భట్టిప్రోలు ఒక పలకమీది పేరు. సైకిలువానికి అది దాహము వేసిన చోటు. చెట్టునీడన కూర్చున్న ముదుసలి దిబ్బనుగూర్చి కథ చెప్పిన చోటు. మన బాలబాలికలు అశోకుని పట్టాభిషేక సంవత్సరమును కంఠస్థము చేయుదురు గాని, తమ యూరికి ఆమడదూరమున నున్న స్తూపము నెఱుగరు. చదువులోని యీ లోపమును మఱియొక పాఠ్యపుస్తకము తీర్పజాలదు. గట్టుబాట కొంత తీర్పగలదు.

ఇతరులు తమ బాటల నెట్లు కాపాడుకొనుచున్నారో చూతము. ఫ్రాన్సుదేశమున 1666 మొదలు 1681 వఱకు రికే యనునాతడు త్రవ్వించిన దక్షిణపుకాలువ 240 కిలోమీటర్ల పొడవున తులూజునుండి మధ్యధరా సముద్రతీరమునకు పోవును. పడవలాగు గుఱ్ఱములు నడచిన దాని గట్లపై నేడు సైకిళ్లు నడచుచున్నవి. 1996లో అది ప్రపంచ వారసత్వ సంపదలలో చేరినది. 2006లో దాని గట్లనున్న ప్లేను చెట్లకు తెగులు సోకినదని తెలియగా, రోగమంటిన చెట్లను వేలకొలది నఱికి, మాఱుగ క్రొత్తవి నాటుచున్నారు. స్పెయినువారు 1993 మొదలు, రైళ్లు మానిన పాత పట్టాలదారులను పచ్చదారులని పేరిడి, 3,000 కిలోమీటర్లకు పైగ నడకకును సైకిలుకును విడిచిరి. ఇటలీలో టస్కనీ సీమవారి కథ యింకను ముచ్చటైనది. అచ్చటి తెల్లగరుసు బాటలు తారుపాలగుచుండగా, వానిని రక్షింపవలెనని 1997లో గయోలె యను చిన్నయూర లెరోయికా యను సైకిలుయాత్రను ప్రారంభించిరి. పాతసైకిళ్లు, పాతదుస్తులు, పాతబాటలు. నేడు ఆ యాత్రకై దేశదేశములనుండి జనులు వచ్చుచున్నారు; ఆ బాటలే యాయూళ్లకు అన్నము పెట్టుచున్నవి.

మనవారిలో కొందఱు వెంటనే ఆక్షేపణ తెలుపుదురు. రైతు తన ధాన్యమును ఇంటికెట్లు తెచ్చుకొనును? ట్రాక్టరు గట్టెక్కరాదందురా? ఈ ప్రశ్న న్యాయమైనది. రైతు గట్టెక్కనినాడు డెల్టాయే లేదు. కోతలకాలమున పొలమునకు పోవు బండ్లను, ట్రాక్టర్లను ఎవరును అడ్డగింపరాదు. గట్టు తప్ప వేఱుదారి లేని పల్లెకు తారుగాని సిమెంటుగాని వేసి తీరవలసినదే. వానలో పురిటినొప్పులు పడు స్త్రీని బురదలో మోసికొనిపొమ్మని చెప్పుట మా యుద్దేశము గాదు. మేము చెప్పునది వేఱు. ఒకగట్టున రోడ్డుండగా రెండవగట్టునుగూడ దగ్గఱదారియని లారీల కిచ్చుట యెందులకు? రెండును మోటారునకే పోయిన, నడచువాని వంతేది?

ఇంకొక విషయము నిర్మొగమాటముగ చెప్పవలెను. అనేకచోట్ల గట్లపై బీదల గుడిసెలున్నవి. ఊరిలో సెంటుభూమి దొరకక వారు గట్టెక్కిరి. పట్టణపు యువకులు ఆదివారము నాడు హాయిగ సైకిలు తొక్కుటకై వారిని తఱిమివేయుట కంటె ఘోరము లేదు. వారికి ముందు ఇల్లు చూపి పిదప బాటను తలపెట్టవలెను. లేనిచో ఆ భాగమున బాటను ఆవలిగట్టునకు మరల్పవలెను. బీదవాని పొయ్యినార్పి వేసిన బాటపై ఏ చరిత్రయును మనకు నేర్పునది లేదు.

మఱి చేయదగిన దేమి? డెల్టామట్టి ఒండ్రునేల, నాలుగుచినుకులు పడిన చక్రము తిరుగదు. కావున మొదట గరుసు పఱచి, దిమ్మిసకొట్టి, నీరు నిలువకుండ ఇరుప్రక్కల వాలు పెట్టవలెను. ఏటేట వానకాలము వెళ్లిన పిమ్మట గుంతలు పూడ్పవలెను. తారు వేయుటకంటె దీని కయ్యెడి ఖర్చు తక్కువ. పని గ్రామములోని కూలివాండ్రకే దొరకును. సైకిలు, నడకమనిషి, పశువు దూఱునట్లును, లారీ దూఱకుండునట్లును మొదట చివర రాతిస్తంభములు నాటవలెను. వాని తాళము లస్కరు చేతను, రైతుసంఘము చేతను ఉండవలెను. నీడచెట్లు నాటవలెను, గట్టును తినుచున్న సర్కారుతుమ్మను కొట్టివేయవలెను, ఊరిచెత్తను గట్టున పోయుట మాన్పవలెను. ప్రతి లాకుకడను, ప్రతి దిబ్బకడను ఆ స్థలపు చరిత్రను తేటతెలుగున నాలుగుపంక్తులలో వ్రాసి నిలుపవలెను.

వీనిలో నేదియు అసాధ్యము గాదు. చిక్కంతయు యాజమాన్యమున నున్నది. గట్టు జలవనరుల శాఖవారిది, దానిని దాటు వంతెన రోడ్లశాఖవారిది, స్తూపము పురావస్తుశాఖవారిది, చెత్త పంచాయతీవారిది. నలుగురి సొత్తయినది ఎవరికిని పట్టనిదగుట మన పరిపాలనలో పరిపాటి. కాకినాడ మొదలు పుదుచ్చేరి వఱకు గల కాలువలను, గోదావరి కృష్ణానదుల భాగములతో గూర్చి, 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగ ప్రకటించిరి. నీటిదారికి జాతీయగౌరవ మిచ్చినవారు, దాని తోబుట్టువైన గట్టుదారికి ఒక చిన్న యుత్తరువైన నీయలేరా? జిల్లా కలెక్టర్లు నాలుగుశాఖల నొక్కబల్లచుట్టు కూర్చుండబెట్టి, ముందుగ ఉండవల్లినుండి భట్టిప్రోలు వఱకు ఒక్క బాటను సిద్ధపఱచి చూపింపవలెనని మేము కోరుచున్నాము. ఒకటి నడచినచో, బందరు కాలువవెంట శ్రీకాకుళాంధ్రవిష్ణుని సీమకును, ఘంటసాలకును, కూచిపూడికిని బాటలు వాటియంతట నవియే యడుగబడును.

పాఠకులు మాత్రము ఉత్తరువులకై వేచియుండ నక్కఱలేదు. వచ్చు ఆదివారమున వేకువనే లేచి, చక్రములలో గాలి కొంచెము తగ్గించి, కుమారునో కుమార్తెనో వెంటబెట్టుకొని, తమ యూరి కాలువగట్టున రెండుక్రోసులు పోయిచూతురుగాక. జనులు త్రొక్కుచున్న బాటను మూయుటకు ఏ శాఖయు సాహసింపదు. త్రొక్కనిబాట నెవరును కాపాడరు.