గ్యాస్ బిళ్ళ కాపాడేది కడుపునే

కడుపులో ఆమ్లం ఊరడాన్ని తగ్గించే మందులను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో గ్యాస్ బిళ్ళలంటారు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్, ఈసోమెప్రజోల్ అన్నవి వాటి అసలు పేర్లు. గుండెల్లో మంట, పులితేన్పులు, అల్సరు ఉన్నవాళ్ళకూ, అల్సరు వచ్చే ప్రమాదం ఉన్నవాళ్ళకూ డాక్టరు చీటీ మీద ఇవ్వాల్సిన మందులివి. కాశీబుగ్గ, పలాస, టెక్కలి చుట్టుపక్కల మాత్రం చీటీతో పని లేని వాడకం ఒకటి వీటికి స్థిరపడింది. నొప్పి బిళ్ళ కొన్నప్పుడల్లా దానికి జోడీగా ఒక గ్యాస్ బిళ్ళ.

జీడిపప్పు బట్టీల్లో పొద్దుటి నుంచి కూర్చుని పిక్కలు కొట్టేవాళ్ళకూ, పప్పు పొట్టు తీసేవాళ్ళకూ సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. కొబ్బరి దింపు కూలీలకు భుజాలు, వల లాగే మత్స్యకారులకు ఒళ్ళంతా నొప్పులు. మర్నాడు పనికి పోకపోతే కూలి రాదు కాబట్టి ఇంటికెళ్తూ మందుల షాపు దగ్గర ఆగుతారు. డైక్లోఫెనాక్ షీటు నుంచి రెండు, పాంటోప్రజోల్ షీటు నుంచి రెండు కత్తెరతో కోసి, చిన్న కాగితం కవరులో వేసి ఇస్తారు. కోసిన ముక్క మీద మందు పేరు సగమే కనిపిస్తుంది, గడువు తేదీ చాలాసార్లు ఉండనే ఉండదు. "కడుపులో మంట రాకుండా ఇది కూడా వేసుకో" అన్న ఒక్క మాటతో నొప్పి బిళ్ళంటే ఉన్న కాస్త భయం పోతుంది. ఉద్దానంలో పోకూడని భయం అది.

నొప్పి బిళ్ళలు ఒంట్లో ఏం చేస్తాయో బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్ 1971లో బయటపెట్టాడు. 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు నొప్పినీ వాపునీ పెంచుతాయి. ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వాటి తయారీని అడ్డుకుంటాయి. అయితే జీర్ణాశయం లోపలి పొర మీద రక్షణగా జిగురు ఊరేలా చూసేవీ ఆ పదార్థాలే. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తెచ్చే నాళాలు ముడుచుకుపోకుండా తెరిచి ఉంచేవీ అవే. నొప్పి బిళ్ళతో ఈ రెండు రక్షణలూ ఒకేసారి సడలిపోతాయి. జిగురు తగ్గిన చోట ఆమ్లం తగిలి పుండు పడుతుంది. గ్యాస్ బిళ్ళ ఆమ్లాన్ని తగ్గించి ఆ పుండును చాలామటుకు ఆపుతుంది. కిడ్నీకి తగ్గిపోయిన రక్తాన్ని తిరిగి తేవడం దాని వల్ల కాదు. చిన్నపేగులో నొప్పి బిళ్ళ చేసే పుండ్లను కూడా అది ఆపలేదు. కడుపు మండటం లేదు కాబట్టి మందు ఒంటికి పడిందనుకుని వారాల తరబడి వాడతారు. అలా కడుపు హాయిగా ఉన్నన్నాళ్ళూ కిడ్నీకి దెబ్బ తగులుతూనే ఉండవచ్చు.

ఇది ఎక్కడైనా ముఖ్యమే, ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా మరీ ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస మండలాల్లో కిడ్నీ పనితీరును చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నెఫ్రాలజిస్టు టి. రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్దానంలో పరీక్షించిన పెద్దవాళ్ళలో నూటికి 18 మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్ళలో ఎక్కువమందికి షుగరు, బీపీ లాంటి మామూలు కారణాలేవీ కనిపించలేదు. నీటిలోని సిలికా, ఎండలో గంటల తరబడి చెమటోడ్చడం, పురుగుమందులు, వంశపారంపర్యం, నొప్పి బిళ్ళలు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. ఏదీ మూలకారణమని రుజువు కాలేదు. శ్రీలంకలో వరి రైతులకూ, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు కూలీలకూ వస్తున్న ఇలాంటి జబ్బు సంగతీ ఇంతే. పలాసలో 200 పడకల ఆస్పత్రితో పాటు కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది.

కాబట్టి ఉద్దానం జబ్బును నొప్పి బిళ్ళలే తెచ్చాయనడం తప్పు. మూలం ఏదైనా కానీ, అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని నొప్పి బిళ్ళ ఇంకా తొందరగా పాడుచేయగలదన్న దాంట్లో డాక్టర్ల మధ్య రెండో మాట లేదు. ఎండలో పనిచేసి, నీళ్ళు చాలక, మూత్రం చిక్కగా పసుపు రంగులో వస్తున్న సాయంత్రం వేసుకునే బిళ్ళ ఎక్కువ చేటు చేస్తుంది. బీపీకి టెల్మిసార్టన్ లాంటి మందూ, దానితో పాటు మూత్రం ఎక్కువగా పోయించే మందూ వాడుతున్న మనిషి నొప్పి బిళ్ళ కూడా వేసుకుంటే కిడ్నీ మీద మూడు వైపుల నుంచీ ఒత్తిడి పడి ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేయవచ్చు. ఇలాంటివాళ్ళకు నొప్పికి మొదట రాసేది పారాసిటమాల్, అది కూడా డాక్టరు చెప్పిన మోతాదులోనే.

గ్యాస్ బిళ్ళ కిడ్నీని కాపాడదు సరే, తనంతట తాను దానికి హాని చేస్తుందా? అరుదుగా చేస్తుంది. ఒమెప్రజోల్ వల్ల కిడ్నీలో అలర్జీ లాంటి వాపు వచ్చిన సంగతి 1992లోనే వైద్య పత్రికలకెక్కింది. అలాంటప్పుడు జ్వరం, దద్దుర్లు రావచ్చు. చాలామందిలో మాత్రం బయటికి ఏమీ కనిపించకుండా క్రియాటినిన్ పెరుగుతుంది. త్వరగా గుర్తించి మందు ఆపితే చాలావరకు కోలుకుంటారు. ఈ బిళ్ళలు వాడేవాళ్ళలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉందని 2016లో అమెరికా పరిశోధకులు గమనించారు. అయితే వాడేవాళ్ళు సహజంగానే ఇతర జబ్బులు ఎక్కువగా ఉన్నవాళ్ళు కాబట్టి తప్పు బిళ్ళదేనని దాన్నిబట్టి తేల్చలేం. 2019లో వెలువడిన ఒక ప్రయోగంలో 17,598 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు పాంటోప్రజోల్, ఇంకో గుంపుకు మందు లేని ఉత్త బిళ్ళ ఇచ్చి సుమారు మూడేళ్ళు గమనించారు. కిడ్నీ జబ్బులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, పేగుల ఇన్ఫెక్షన్లు మాత్రం కొంత పెరిగాయి. అదే ఏడాది మన దేశ ఔషధ నియంత్రణాధికారి, కిడ్నీ హఠాత్తుగా దెబ్బతినే ప్రమాదం ఉందని ఈ మందుల పెట్టెలోని కాగితంలో రాయాలని ఆదేశించారు. అవసరం ఉన్నవాళ్ళు ఈ వార్తలకు బెదిరి మందు మానక్కర్లేదు. ఉద్దానం మనిషి నెలల తరబడి వాడాల్సి వస్తే మాత్రం మధ్యమధ్య క్రియాటినిన్ చూపించుకోవడం తప్పనిసరి అనుకోవాలి. పరీక్ష చేయించకుండా షీటు మీద షీటు కొనడం సరికాదు.

ఇక వేసుకునే పద్ధతి. జీర్ణాశయం గోడలో ఆమ్లాన్ని బయటికి తోడే సూక్ష్మమైన పంపులుంటాయి. తిండి తిన్నప్పుడు అవి పనిలోకి దిగుతాయి. పనిలో ఉన్న పంపును మాత్రమే ఈ మందు మూయగలదు, పైగా రక్తంలో అది ఎంతోసేపు నిలవదు. అందుకే తినడానికి అరగంట నుంచి గంట ముందు పరగడుపున మింగాలి. పొద్దున్నే చోడి అంబలి తాగి పనికి పోయే మనిషి నిద్ర లేవగానే బిళ్ళ వేసుకుని, మిగతా పనులు చూసుకుని అంబలి తాగితే సరిపోతుంది. రాత్రి భోంచేసి మంట మొదలయ్యాక వేసుకుంటే మందు చాలావరకు వృథా. ఒకసారి మూసుకున్న పంపు మళ్ళీ తెరుచుకోదు, కొత్తవి పుట్టాల్సిందే. కాబట్టి చాలామందికి రోజుకొకటి చాలు. పూర్తి గుణం కనిపించడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. మొదటిరోజే తగ్గలేదని రెండు మూడు మింగడం దండగ. ఆమ్లం తగిలితే పాడయ్యే మందు కాబట్టి బిళ్ళకు పైన పూత ఉంటుంది. నమలకూడదు, పొడి చేయకూడదు. సముద్రపు తేమకు చెడిపోకుండా వేసుకునే దాకా షీటులోనే ఉంచాలి.

ఎన్నాళ్ళు వాడాలన్నది జబ్బును బట్టి. గుండెల్లో మంటకు మామూలుగా నాలుగు నుంచి ఎనిమిది వారాలు. గుండెకు స్టెంటు వేసి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవాళ్ళు, లోగడ అల్సరు నుంచి రక్తం పోయినవాళ్ళు, 65 ఏళ్ళు దాటి నొప్పి బిళ్ళ తప్పనివాళ్ళు డాక్టరు చెప్పినంత కాలం వాడాలి. వాళ్ళు మధ్యలో సొంతంగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. మిగతావాళ్ళు ఆపబోతే ఇంకో చిక్కుంది. డెన్మార్క్‌లో కడుపు జబ్బేదీ లేనివాళ్ళకు ఎనిమిది వారాలు ఈసోమెప్రజోల్ ఇచ్చి ఆపితే, తరవాతి వారాల్లో నూటికి 44 మందికి మంటో, పులితేన్పులో వచ్చాయి; ఉత్త బిళ్ళ వేసుకున్నవాళ్ళలో అలా అయింది 15 మందికే. 2009లో అచ్చయిన ఈ ప్రయోగం చెప్పేదేమిటంటే, ఆపగానే వచ్చే మంట చాలాసార్లు పాత జబ్బు కాదు, మందు వదిలినందుకు వచ్చేదే. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. మోతాదు సగం చేసి, తరవాత రోజు విడిచి రోజుకు తగ్గించి మానడం సులువు. అల్సరు మళ్ళీ మళ్ళీ వస్తుంటే హెలికోబాక్టర్ పైలోరీ అన్న క్రిమి ఉందేమో చూడాలి. అల్సర్లకు అది కారణమని ఆస్ట్రేలియా వైద్యులు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ చూపించి 2005లో నోబెల్ అందుకున్నారు. ఆ క్రిమి ఉంటే రెండు వారాల యాంటీబయాటిక్ కోర్సుతో జబ్బు మూలం నుంచే పోతుంది. పరీక్షకు రెండు వారాల ముందు డాక్టరును అడిగి గ్యాస్ బిళ్ళ ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టే రిపోర్టు రావచ్చు.

వేరే మందులతో పడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. క్లోపిడోగ్రెల్ పనిని ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ తగ్గిస్తాయి. పాంటోప్రజోల్‌తో ఆ బాధ తక్కువ. గ్యాస్ బిళ్ళల వల్ల థైరాయిడ్ బిళ్ళా, ఐరన్ బిళ్ళా ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఏళ్ళ తరబడి వాడితే బి12, మెగ్నీషియం పడిపోవచ్చు. పిక్కలు పట్టేయడం, గుండె దడ అలాంటప్పుడు వస్తాయి. ఒకే మందు వేర్వేరు కంపెనీ పేర్లతో రెండు చీటీల్లో ఉండి, రెండూ మింగేవాళ్ళు తక్కువేమీ కాదు. పాంటోప్రజోల్‌తో డోంపెరిడోన్ కలిపిన గొట్టం బిళ్ళలను గుండె లయ తప్పేవాళ్ళు డాక్టరును అడగకుండా వాడకూడదు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఇంటి చిట్కాలు కూడా ప్రమాదమే. మంటకు తాగే తెల్లటి టానిక్‌లలో అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. కిడ్నీ వాటిని బయటికి పంపలేకపోతే ఒంట్లో పేరుకుంటాయి. వంటసోడాతో ఉప్పు భారం, దాని వెంట వాపులూ బీపీ. ఫామోటిడిన్, రానిటిడిన్ లాంటి వేరే రకం గ్యాస్ మందులకు కిడ్నీ పనిని బట్టి మోతాదు తగ్గించాలి. కొబ్బరి తోటల సీమలో కడుపు మంటకు మొదట గుర్తొచ్చేది బొండాం. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళకు, డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకు ఆ నీటిలోని పొటాషియం గుండెను ఆపేయగలదు. డాక్టరు సరే అంటే తప్ప ముట్టకూడదు.

కొన్నిటిని గ్యాస్ అనుకుని బిళ్ళతో సరిపెట్టకూడదు. ఛాతీలో పట్టేసినట్టుండి చెమటలు పట్టడం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం గుండెపోటు కావచ్చు. మింగుడు పడకపోవడం, ఊరికే బరువు తగ్గడం, రక్తం వాంతి కావడం, మలం తారులా నల్లగా జిగటగా రావడం ఉంటే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఐరన్ బిళ్ళలతో కూడా మలం నల్లబడుతుంది కానీ అలా జిగటగా, అంత దుర్వాసనతో ఉండదు. వెళ్ళేటప్పుడు వాడుతున్న మందుల షీట్లన్నీ, నొప్పి బిళ్ళలవి కూడా, చివరిసారి తీసిన క్రియాటినిన్ రిపోర్టుతో కలిపి పట్టుకెళ్ళి డాక్టరు ముందు పెట్టాలి.